నెల్లూరు ఉక్కపోతలో గ్రో టెంట్: ముందు చూడాల్సింది బయటి గాలినే

గ్రో టెంట్ అంటే ఇంట్లో లైటు కింద మొక్కలు పెంచుకునే, జిప్పు ఉన్న గుడ్డ గుడారం. దాని వాడకం మీద దొరికే సలహాల్లో చాలా భాగం చలి దేశాల్లో పుట్టినవి. అక్కడ శీతకాలంలో బయటి గాలి చల్లగా, పొడిగా ఉంటుంది. టెంట్ లోపల వేడెక్కినా, తేమ పెరిగినా ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే చాలు, రెండూ ఒకేసారి దిగుతాయి. అదే సలహాను నవంబరు ముసురులో నెల్లూరులో పాటిస్తే, ఫ్యాన్ రాత్రంతా తిరిగినా హైగ్రోమీటర్ (తేమ శాతం చూపే మీటరు) మీద అంకె 85 కిందికి రాదు. ఫ్యాన్ చెడిపోలేదు, టెంట్‌లోనూ లోపం లేదు. లోపలికి వస్తున్న గాలిలోనే అంత తేమ ఉంది.

ఇక్కడ టెంట్ పెట్టాలనుకునేవాళ్లు యంత్రాల జాబితా రాసుకునే ముందు తేల్చుకోవాల్సిన సంగతి ఇదే. వేడి, తేమ అనేవి విడివిడిగా తిప్పుకునే రెండు మీటలు కావు. ఒకదాన్ని కదిలిస్తే రెండోది దానంతటదే కదులుతుంది. ఆ రెండూ ఎంతవరకు దిగగలవో చాలావరకు నిర్ణయించేది టెంట్ బయటి గాలి.

హైగ్రోమీటర్ చూపించే శాతం దగ్గరే ఎక్కువమంది పొరపడతారు. అది గాలిలో ఉన్న నీటిని నేరుగా చెప్పదు. ఆ ఉష్ణోగ్రతలో గాలి పట్టుకోగలిగిన దానిలో ఎంత వంతు నిండిందో చెబుతుంది. మే నెల మధ్యాహ్నం పడమటి మెట్టలోని ఉదయగిరి వైపు 41 డిగ్రీల వేడి, 25 శాతం తేమ ఉన్న గాలిని లెక్క వేస్తే, ఘనపు మీటరుకు సుమారు 13 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. అదే మే నెలలో సాయంత్రం సముద్రపు గాలి తిరిగాక తీరం పక్క ఊళ్లో 34 డిగ్రీలు, 60 శాతం ఉంటే 22 గ్రాములు దాటుతుంది. నవంబరు వానలో 27 డిగ్రీలు, 90 శాతం ఉన్నప్పుడు 23 గ్రాములు. మీటరు మీద 60, 90 అని ఎంతో తేడాగా కనిపించే ఆ చివరి రెండు గాలుల్లో ఉన్న నీరు దాదాపు ఒకటే.

అందుకే శాతం కన్నా డ్యూ పాయింట్ మీద నమ్మకం పెట్టుకోవడం మంచిది. గాలి ఏ ఉష్ణోగ్రతకు చల్లబడితే అందులోని ఆవిరి నీటిచుక్కలుగా మారడం మొదలవుతుందో ఆ అంకె అది. ఫోన్‌లో వాతావరణం చూపించే యాప్‌లు చాలావరకు దీన్ని కూడా చూపిస్తాయి. పైన చెప్పిన మూడు గాలుల్లో మొదటిదానికి డ్యూ పాయింట్ 17 డిగ్రీలు, మిగతా రెండింటికీ 25. ఇక టెంట్ లోపల 27 డిగ్రీలు, 65 శాతం తేమ కావాలనుకుంటే దానికి సరిపోయే డ్యూ పాయింట్ 20. ఇక్కడితో లెక్క తేలిపోతుంది. బయటి గాలి డ్యూ పాయింట్ 20 కన్నా బాగా తక్కువ ఉన్న రోజున ఫ్యాన్ తేమను దించగలదు. 20 దాటిన రోజున ఎంత పెద్ద ఫ్యాన్ పెట్టినా 27 డిగ్రీల దగ్గర 65 శాతం రాదు. ఆ గాలిలోంచి నీటిని పిండాలి, లేదా టెంట్ ఇంకాస్త వెచ్చగా ఉన్నా సరే అనుకోవాలి. మూడో దారి లేదు.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఈ లెక్క ఊరూరికీ మారుతుంది. తూర్పున సముద్రం, పడమట వెలిగొండలు, మధ్యలో మెట్ట. మే నెలలో పడమటి గాలి వీచినంతసేపూ ఒంట్లో చెమట కూడా నిలవదు. 2015 మే వడగాడ్పులకు ప్రకాశం జిల్లా ఎంత అల్లాడిందో ఇక్కడివాళ్లు మరిచిపోలేదు. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి తిరిగితే తీరం వెంట వేడి దిగుతుంది, వెంటనే ఉక్కపోత మొదలవుతుంది. లోపలి ఊళ్లకు ఆ గాలి ఆలస్యంగా చేరుతుంది. ఇక అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల కాలం. నెల్లూరు జిల్లాకు ఏడాది మొత్తం మీద పడే వానలో సగానికి పైగా ఈ 3 నెలల్లోనే పడుతుంది. 2015 నవంబరు, 2021 నవంబరు వరదలు, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను అన్నీ ఈ రోజుల్లోనివే. ముసురు పట్టిన వారంలో ఉతికిన బట్టలు ఇంట్లో ఆరవు. టెంట్‌లో ఆకుల మీద తడి కూడా ఆరదు.

బయటి గాలి సంగతి ఇలా ఉంటే, లోపల పుట్టే తేమ సంగతి వేరు. నాలుగడుగుల పొడవు, వెడల్పు, ఆరున్నర అడుగుల ఎత్తు ఉన్న టెంట్‌లో పట్టే గాలి దాదాపు 2.9 ఘనపు మీటర్లు. 27 డిగ్రీల దగ్గర ఆ గాలి మొత్తం కలిసి పట్టుకోగలిగిన నీరు 75 గ్రాములు మాత్రమే. చిన్న టీ గ్లాసు కూడా నిండదు. బాగా ఎదిగిన మొక్కలతో టెంట్ నిండిపోయి, లైటు వెలిగే 16 గంటల్లో అవి 2 లీటర్ల నీటిని ఆకుల ద్వారా వదిలాయనుకుంటే, గంటకు 125 గ్రాములు. అంటే ఫ్యాన్ ఆగిన టెంట్ గంట తిరక్కుండానే ఆవిరితో నిండిపోతుంది. కుండీలకు పోసిన నీళ్లు ఎక్కడికీ పోవు. ఇవాళ పోసింది రేపటికి గాలిలోకి వస్తుంది. తేమ తగ్గాలంటే మొట్టమొదట తగ్గాల్సింది పళ్లేల్లో నిలిచిన నీళ్లు, అవసరం లేకుండా తడిపిన మట్టి.

వేడి లెక్క ఇంతకన్నా సులువు. ఎల్‌ఈడీ చల్లని లైటు అనే మాట ప్రచారంలో ఉంది కానీ, 200 వాట్ల లైటు లోపల పెడితే ఆ 200 వాట్లూ దాదాపుగా వేడిగానే మిగులుతాయి. ఆకుల మీద పడ్డ వెలుతురు కూడా చివరికి వేడే. ఆ వేడిని గాలితోనే బయటికి పంపించి, టెంట్‌ను గది కన్నా 3 డిగ్రీలకు మించి వేడెక్కనివ్వకూడదంటే గంటకు సుమారు 200 ఘనపు మీటర్ల గాలి మారాలి. నిమిషానికి ఒకసారి కన్నా ఎక్కువగా టెంట్‌లో గాలంతా కొత్తదవ్వాలన్నమాట. ఫ్యాన్ పెట్టె మీద రాసిన అంకె డక్ట్ వంపులు, ఫిల్టర్ లేనప్పటిది కాబట్టి కాస్త పెద్దదే కొనాలి. గాలిని రెట్టింపు చేస్తే తేడా 3 నుంచి ఒకటిన్నరకు దిగుతుంది. ఇంకా రెట్టింపు చేసినా మిగిలేది ముప్పాతిక డిగ్రీయే. గది ఉష్ణోగ్రత కన్నా కిందికి మాత్రం ఏ ఫ్యాన్ దించలేదు. మేలో పై అంతస్తు గదిలో, ఎండకు కాగిన మిద్దె శ్లాబు అర్ధరాత్రి దాకా వేడి దించుతున్న చోట టెంట్ పెట్టి ఫ్యాన్ మీద ఫ్యాన్ కొనడం డబ్బు వృథా. అదే టెంట్‌ను కింది అంతస్తులో ఎండ తగలని గదికి మార్చడం పైసా ఖర్చు లేని మందు.

మొక్కలు ఈ వేడిలో కొంత భాగాన్ని తామే తీసుకుంటాయి. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 0.67 యూనిట్ల శక్తి కావాలి. 200 వాట్ల లైటు 16 గంటల్లో కాల్చే 3.2 యూనిట్లలో, 2 లీటర్లు వదిలే మొక్కలు 1.3 యూనిట్ల దాకా అలా ఖర్చు చేస్తాయి. టెంట్ కొంత చల్లబడుతుంది. కానీ ఆ వేడి మాయమైపోలేదు, ఆవిరిలో దాక్కుంది. గాలిలోని ఆవిరిని నీరుగా మార్చి తీసే డీహ్యూమిడిఫయర్‌ను టెంట్ లోపల పెట్టినవాళ్లకు ఇది బాగా తెలుస్తుంది. ఆవిరిని నీరుగా మార్చినప్పుడు దాక్కున్న వేడంతా తిరిగి వస్తుంది, దానికి ఆ యంత్రం వాడిన కరెంటు కూడా తోడవుతుంది. తేమ శాతం దిగుతుంది, టెంట్ మాత్రం పొయ్యి దగ్గరలా కాగుతుంది. డీహ్యూమిడిఫయర్ చోటు టెంట్ కాదు, టెంట్ ఉన్న గది.

మొక్కకు నిజంగా తగిలేది ఏమిటన్నది అర్థమైతే మీటరు అంకెలతో కుస్తీ తగ్గుతుంది. ఆకు లోపలి గాలి ఎప్పుడూ నీటి ఆవిరితో నిండి ఉంటుంది. బయటి గాలి దానికన్నా ఎంత పొడిగా ఉంటే నీరు అంత జోరుగా బయటికి వస్తుంది. ఈ తేడానే పెంపకందారులు వీపీడీ (ఆవిరి పీడనంలో లోటు) అంటారు, కిలోపాస్కల్‌లలో కొలుస్తారు. 70 శాతం తేమనే తీసుకుంటే, 25 డిగ్రీల దగ్గర అది 0.95, 32 డిగ్రీల దగ్గర 1.43. మీటరు మీద శాతం మారలేదు, మొక్క మీద లాగుడు మాత్రం సగం పెరిగింది. నారు దశలో 0.4 నుంచి 0.8, ఆకు, కొమ్మ పెరిగే దశలో 0.8 నుంచి 1.2, పూతా కాతా దశలో 1.2 నుంచి 1.5 మధ్య ఉంచాలన్నది సాధారణంగా పాటించే లెక్క. ఇందులోంచి ఒక ఊరట కూడా దొరుకుతుంది. వెచ్చగా ఉండే మన టెంట్‌కు, 22 డిగ్రీల టెంట్ కోసం రాసిన 50 శాతం తేమ అక్కర్లేదు. 30 డిగ్రీల దగ్గర 70 శాతం ఉన్నా వీపీడీ 1.27. మిరప మొక్క దాంతో హాయిగా పెరుగుతుంది. పుస్తకంలో 50 అని రాసి ఉందని ఇక్కడ 70 చూసి టెన్షన్ పడేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకుంటే చాలు.

కూలర్ గురించి సూటిగా చెప్పాలి. పడమటి మెట్టలో వేసవికి దాన్ని మించిన సాధనం లేదు. 41 డిగ్రీలు, 25 శాతం ఉన్న గాలి మంచి ప్యాడ్ల గుండా వస్తే 28 దాకా దిగుతుంది, తేమ 78 శాతం దాకా ఎక్కుతుంది. ఆ గాలి టెంట్‌లోకి వెళ్లి లైటు వేడికి 31 అయితే తేమ 66కు దిగుతుంది. వేడి, తేమ రెండూ ఒక్క యంత్రంతో, ఏసీలో కొంత వంతు కరెంటుతో కుదురుతాయి. ఒకే షరతు, గదిలో ఎదురు కిటికీ తెరిచి ఉండాలి. మూసిన గదిలో కూలర్ తన తడిని తానే పీల్చుకుంటుంది. తీరంలో మాత్రం కూలర్ పనికిరాదు. 34 డిగ్రీలు, 60 శాతం గాలిని అది 29కి దించుతుంది కానీ తేమను దాదాపు 90కి చేరుస్తుంది. నవంబరులో అయితే సుమారు ఒక డిగ్రీకి మించి దించలేదు, ఉన్న తడికి తడి చేరుస్తుంది. ఉదయగిరిలో బ్రహ్మాండంగా పనిచేసిన ఏర్పాటును చూసి కావలిలోనో కొత్తపట్నంలోనో అదే పెట్టినవాళ్ల మొక్కలకు బూజు పట్టడంలో ఆశ్చర్యం లేదు.

తీరం ఊళ్లలో లెట్యూస్, స్ట్రాబెర్రీ లాంటివే కావాలనుకుంటే ఏసీ గది తప్పదు. ఏసీ చల్లటి కాయిల్ మీద గాలిలోని నీటిని కూడా పిండేస్తుంది. డ్యూ పాయింట్‌ను దించే పని ఇంట్లో ఉండే వస్తువుల్లో అది ఒక్కటే చక్కగా చేస్తుంది. 1 టన్ను ఏసీ దాదాపు 3500 వాట్ల వేడిని తీయగలదు కాబట్టి 200 వాట్ల లైటు దానికి లెక్కలోది కాదు. ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది. టెంట్ ఎగ్జాస్ట్ పైపును కిటికీలోంచి బయటికి పెడతారు. అలా గంటకు 200 ఘనపు మీటర్ల చల్లటి, పొడి గాలి వీధిలోకి పోతుంది. దాని బదులు తలుపు సందుల్లోంచి, వెంటిలేటర్‌లోంచి అంతే గాలి ఉక్కపోతతో సహా గదిలోకి వస్తుంది. ఏసీ రాత్రంతా ఆ కొత్త తడితో పోరాడుతూనే ఉంటుంది, కరెంటు బిల్లు మాత్రం పెరుగుతుంది. ఏసీ గదిలో టెంట్ గాలి ఆ గదిలోకే వదలాలి. ఏసీ లేని గదిలో, అదీ బయటి గాలి పొడిగా ఉన్న రోజుల్లో, బయటికి వదలాలి. ఏసీ గదిలో గాలి ఒక్కోసారి 50 శాతానికి దిగుతుంది కాబట్టి మొలకల ట్రేల మీద మాత్రం పారదర్శకంగా ఉండే మూత ఉంచి, రోజూ కాసేపు తీయాలి.

లైటు వేళలు మార్చుకోవడం ఖర్చు లేని పని, ఫలితం మాత్రం పెద్దది. మేలో పగలు లైటు వేస్తే ఎండ వేడి, లైటు వేడి ఒకదాని మీద ఒకటి పడతాయి. సాయంత్రం 6కు వేసి పొద్దున 10కి ఆపితే మిట్టమధ్యాహ్నం టెంట్ చీకట్లో నిద్రపోతుంది. వాన కాలంలో కూడా ఇదే వేళ మంచిది, కారణం మాత్రం వేరు. రాత్రి చల్లబడినప్పుడు తేమ శాతం ఎలాగూ ఎక్కుతుంది, ఆ వేళ లైటు వేడి దాన్ని కిందికి లాగుతుంది.

లైటు ఆరాక వచ్చే గంట రెండు గంటలే టెంట్‌కు గండం. 29 డిగ్రీలు, 65 శాతం దగ్గర నిలకడగా ఉన్న టెంట్ జనవరి రాత్రి 24కు దిగిందంటే, ఒక్క చుక్క నీరు చేరకపోయినా తేమ 87 అవుతుంది. తడి మట్టి ఆవిరి వదులుతూనే ఉంటుంది కాబట్టి 90 దాటుతుంది. నారుకుళ్ళు తెగులు, ఆకుల మీద బూజు ఇక్కడే మొదలవుతాయి. లైటుతో పాటు ఫ్యాన్‌ను కూడా ఒకే టైమర్‌కు తగిలించడం అందుకే ప్రమాదం. లైటు ఆరినా ఎగ్జాస్ట్ తక్కువ వేగంతో తిరగాలి, లోపలి చిన్న ఫ్యాన్ ఆకులు కొద్దిగా కదిలేలా వీస్తూ ఉండాలి. నీళ్లు పోయడం లైటు వెలిగిన మొదటి గంటల్లోనే అయిపోవాలి. రెండోవైపు చూస్తే, పడమటి గాలి రోజుల్లో తేమ 40 కిందికి పోయిన టెంట్‌లో ఎర్రనల్లి వస్తుంది, ఆకు అంచులు మాడతాయి. లెట్యూస్‌లో లేత ఆకుల కొనలు గోధుమరంగుకు తిరగడం మాత్రం తేమ ఎక్కువైనా వస్తుంది. నీరు ఆకుల గుండా కదలకపోతే దాంతోపాటు రావాల్సిన కాల్షియం లేత కొనలకు అందదు.

ఇన్ని అంకెలు నమ్మాలంటే ముందు మీటరు నిజం చెప్పాలి. చవక హైగ్రోమీటర్లు 5 నుంచి 10 శాతం దాకా తప్పు చూపించడం మామూలే. దాన్ని సరిచూసుకునే పద్ధతి వంటింట్లోనే ఉంది. సీసా మూతలో మెత్తటి ఉప్పు వేసి, ముద్దగా అయ్యేంత మాత్రమే నీటి చుక్కలు కలిపి, మీటరుతో పాటు గాలి చొరబడని డబ్బాలో ఒక పగలూ రాత్రీ ఉంచాలి. లోపలి గాలి 75 శాతం దగ్గర నిలుస్తుంది. మీటరు 80 చూపిస్తే దానిలో 5 తప్పు ఉన్నట్టు. ముసురు రోజుల్లో ఇంట్లో ఉప్పు డబ్బా నీరు కారేది కూడా గది తేమ ఆ 75 దాటినందుకే. రాళ్ల ఉప్పు ఈ పరీక్షకు పనికిరాదు. అందులో ఉండే మెగ్నీషియం లవణాలు అంతకన్నా ముందే తేమ పీలుస్తాయి. మీటరును లైటు వెలుగు నేరుగా పడకుండా, మొక్కల తలల ఎత్తులో వేలాడదీయాలి. టెంట్ గోడకు అంటించిన మీటరు గోడ సంగతే చెబుతుంది.

పొడి రోజుల్లో గాలికి తేమ చేర్చే హ్యూమిడిఫయర్ వాడేవాళ్లకు నీటి విషయంలో ఒక జాగ్రత్త. మెట్ట ప్రాంతాల బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ. నీటిని కంపనాలతో తుంపరగా చేసే అల్ట్రాసోనిక్ యంత్రం ఆ లవణాలను కూడా పొగమంచులా చిమ్ముతుంది. కొన్నాళ్లకు ఆకుల మీద, లైటు మీద తెల్లటి పొడి పేరుకుంటుంది. ఏసీ నుంచి బకెట్‌లో కారే నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు, ఈ పనికి బాగా సరిపోతాయి. వాటిని నిలవ ఉంచకుండా ఏరోజువి ఆరోజే వాడాలి.

ఇంత చెప్పినా, తీరంలో ఏసీ లేకుండా టెంట్ నడపాలనుకునేవాళ్లకు అన్నిటికన్నా గట్టి సాధనం పంట ఎంపిక. డ్యూ పాయింట్ 24 ఉన్న గాలిని 27 దగ్గర ఉంచితే తేమ 84 శాతం. అదే గాలిని 31 దాకా వేడెక్కనిస్తే 66. అంటే వెచ్చదనాన్ని ఓర్చుకునే మొక్కలు పెడితే తేమ సమస్య సగం దానంతటదే తీరుతుంది. తోటకూర, గోంగూర, తులసి, మిరప నారు ఆ వేడికి బెదరవు. లెట్యూస్ 28 దాటితే పూతకాడ లేపి చేదెక్కుతుంది. టమాటా, క్యాప్సికం నారు దశ వరకు పరవాలేదు కానీ అంత వేడిలో పూత నిలవదు. తడి తగ్గని వాన నెలల్లో మొక్కలు మానుకుని మిల్కీ మష్రూమ్ (పాల పుట్టగొడుగు) వేసినా బాగుంటుంది. దానికి 30 నుంచి 35 డిగ్రీల వేడి, 80 శాతం పైన తేమ కావాలి. అదే టెంట్‌లో మొక్కలతో కలిపి మాత్రం పెట్టకూడదు.

కరెంటు పోయినప్పుడు లైటు, ఫ్యాన్ కలిసి ఆగుతాయి. లైటు ఆరింది కాబట్టి వేడి భయం తక్కువ, తేమ భయమే ఎక్కువ. లోపలి చిన్న ఫ్యాన్, ఎగ్జాస్ట్ రెండూ కలిపినా పెద్దగా వాట్లు కావు, ఇంటి ఇన్వర్టర్ లైన్ మీద పెట్టుకోవచ్చు. అది లేనిచోట, తుపాను హెచ్చరిక వచ్చిన రోజున కుండీలకు నీళ్లు ఆపేసి, పళ్లేలు ఖాళీ చేసి, టెంట్ జిప్పు పై నుంచి కింది దాకా తెరిచి ఉంచాలి.